ఉన్నట్టే తెలియని పిల్ల

మా తమ్ముడి మనవరాలు చందన తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. నెలకొక ఆదివారం ఆ హాస్టల్ వాళ్ళు పిల్లల్ని పదకొండు నుంచి ఐదు దాకా బయటికి వదులుతారు. తల్లిదండ్రులు రాలేకపోతే ఊళ్ళో ఉన్న చుట్టమెవరైనా సంతకం పెట్టి తీసుకుపోవచ్చు. ఆ చుట్టానికి లోకల్ గార్డియన్ అని పేరు. చందన నాన్న శీనుకు బంగారుపాళ్యం దగ్గర మామిడితోట ఉంది. తోట ఉన్నవాడికి ఆదివారం ఉండదు కాబట్టి ఆ ఉద్యోగం వాడి మేనత్తనైన నాకు వచ్చింది. రిటైరైన తర్వాత నాకు దొరికిన పదవి అదొక్కటే. నా ఫోటో అడిగి తీసుకుని మరీ రిజిస్టర్లో అతికించారు.

పోయిన నెల నాలుగోసారి వెళ్ళాను. వార్డెనమ్మ రిజిస్టర్ నా ముందుకు జరిపి, "మీ పాపతో మాకు ఏ ఇబ్బందీ లేదు మేడం. అసలు ఉన్నట్టే తెలీదు" అంది. ఆమె మెచ్చుకుంటూనే అంది. పొగడ్త వింటే నేనూ సంతోషించే మనిషినే. కానీ ఆ రోజు సంతకం పెట్టబోయిన చెయ్యి ఆగిపోయింది. ఆ మాట నేను ఇంతకుముందు విన్నాను. అప్పుడు అది నా గురించి చెప్పిన మాట. అంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. మూడు ఆదివారాలు ఈ పిల్లను ఇంటికి తీసుకుపోయి, నాటుకోడి కూర వండి పెట్టి, కాసేపు పడుకోబెట్టి, ఐదింటికి తిరిగి అప్పజెప్పి, శీనుకు ఫోన్ చేసి "బంగారంలాంటి పిల్లప్పా, నోట్లో మాటే లేదు" అని చెప్పింది కూడా నేనే. చెప్పిన ప్రతిసారీ నా పని నేను చక్కగా చేశానని తృప్తిపడ్డాను.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా ఊళ్ళో బడి అయిపోయింది. అంటే ఆ బడిలో ఉన్న తరగతులన్నీ అయిపోయాయి. పై చదువుకు నన్ను చిత్తూరులో మా మామ ఇంట్లో పెట్టారు. మామ అంటే మా అమ్మకు అన్న. బెల్లం మండీలో తూకం వేసే పని ఆయనది. సాయంత్రం ఇంటికి వస్తే ఆయనకంటే ముందు బెల్లం వాసన గుమ్మం దాటి లోపలికి వచ్చేది. చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే చీమలు గోడ మీద వరస కట్టేవి. వాటిని ఆయన ఎప్పుడూ చంపలేదు. "అవీ మండీకి పోలేవు గదా అమ్మణ్ణీ" అనేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. మా అత్త తెల్లారకముందే లేచి వాకిట్లో కల్లాపి చల్లి ముగ్గు వేసి, సంగటి కెలికి, అందులోకి చెనక్కాయల ఊరిబిండి నూరి, ఎనిమిదింటికల్లా ఆ రోజు చేయాల్సిన పని మొత్తం ముగించేసేది. ఆ తర్వాత సాయంత్రం దాకా చేసిన పనే ఇంకోసారి చేసేది. తుడిచిన ఇత్తడి చెంబును మళ్ళీ తుడిచేది. ఆమె ఎందుకట్లా చేస్తుందో నేను ఆలోచించలేదు. పద్నాలుగేళ్ళ పిల్లకు పెద్దవాళ్ళంటే వాళ్ళ పనులే.

అత్త, మామ నన్ను బాగా చూసుకున్నారు. ఇది ముందే చెప్పాలి. ఎందుకంటే నా కష్టమంతా అక్కడే ఉంది. కొట్టి ఉంటే, కూడు పెట్టకుండా ఉంటే అమ్మకు జాబు రాయడానికి ఒక సంగతైనా ఉండేది. పొద్దున తలకు నూనె పెట్టి రెండు జడలు వేసేది అత్త. మామ వారానికోసారి ఆకులో చుట్టిన కొత్త బెల్లం ముక్క తెచ్చేవాడు. బడిలో కూడా ఎవరూ నన్ను ఏమీ అనలేదు. బెంచీకి ముగ్గురు చొప్పున ఆడపిల్లలందరూ ఎప్పుడో సర్దుకుని కూర్చున్నారు. నేను వెనక బెంచీలో ఒక్కదాన్నే కూర్చున్నాను. వాళ్ళు తమలో తాము అరవం మాట్లాడుకునేవాళ్ళు, నవ్వేది కూడా అరవంలోనే నవ్వేవాళ్ళు. నాకు అరవం రాదు. నన్ను చూసి నవ్వుతున్నారా, వేరే దేనికో నవ్వుతున్నారా అని ఒక నెల రోజులు ఆలోచించాను. చివరికి నాతో వాళ్ళకు ఏ సంబంధమూ లేదని తేలింది. నన్ను చూసి నవ్వి ఉంటేనే బాగుండేదనిపించింది.

అప్పుడొక అలవాటు పట్టుకుంది. పడుకునే ముందు ఆ రోజు ఎన్ని మాటలు మాట్లాడానో వేళ్ళమీద లెక్కపెట్టేదాన్ని. ఒకరోజు పదకొండు వచ్చాయి. అందులో రెండు ‘ప్రెజెంట్ సార్’. మిగతావి వద్దు, చాలు, వస్తా లాంటివి. ఆ పదకొండింట్లో ఒక్కటైనా నాది అనిపించలేదు. ఆ సంఖ్యను ఎవరికైనా చెబితే పన్నెండయ్యేది. చెప్పడానికి మనిషి లేదు. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పుడు దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చేదాన్ని. అట్లా ఏడ్చేటప్పుడు కూడా శబ్దం రాకుండా చూసుకునేదాన్ని, అత్తకు చెడ్డపేరు వస్తుందని.

నా మౌనం మా అత్తకు నచ్చింది. పక్కింటి గిరిజ నా వయసు పిల్ల. గట్టిగా నవ్వేది, గోడ ఎక్కేది, అమ్మకు ఎదురు చెప్పేది. మా అత్త ఆ పిల్ల వాళ్ళమ్మతో గోడ దగ్గర నిలబడి, "మా సరోజను సూడు. ఇంట్లో ఉన్నట్టే తెలీదు. ఆడపిల్లంటే అట్లుండల్ల" అనేది. ఆ తల్లి లోపలికి పోయి గిరిజను ఆ మాటతోనే తిట్టేది. మొదట్లో గోడ మీదనుంచి నాకు చెయ్యి ఊపిన పిల్ల రెండు వారాల్లో నన్ను చూస్తే ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి తప్పు లేదు. నేనైనా అంతే చేసేదాన్ని. అట్లా, మాట్లాడనందుకు నన్ను మెచ్చుకున్నారు, మెచ్చుకున్నందువల్ల మాట్లాడేందుకు ఉన్న ఒక్క మనిషీ దూరమైంది. అప్పుడు నేను ఇంకా నిశ్శబ్దమయ్యాను. అత్త ఇంకా మెచ్చుకుంది.

శనివారం సాయంత్రం ఇడ్లీకి పిండి రుబ్బడం నా పని. రుబ్బురోలు పెరట్లో ఉండేది. గుండ్రాయి తిరిగేటప్పుడు వచ్చే చప్పుడులో మన గొంతు మనకే వినపడదు. అందుకని నేను దానికి వారం సంగతులు చెప్పడం మొదలుపెట్టాను. లెక్కల సారు రాలేదని, కొత్త పరికిణీ అంచు ఊడిందని, ఇట్లా పెద్ద విశేషమేమీ లేని సంగతులు. ఒక శనివారం పిండి ఎంతవరకు వచ్చిందో చూడడానికి మా అత్త వెనకనుంచి వచ్చింది. నేను చూసుకోలేదు. "నేను పోతే ఎవురికైనా తెలుస్తాదంటావా?" అని రోలును అడుగుతున్నాను. అత్త చేతిలో గిన్నె కింద పడింది. పోవడమంటే ఊరికి పోవడమనే నా ఉద్దేశం అని చాలాకాలం అందరికీ చెప్పాను. నిజంగా ఏ ఉద్దేశంతో అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు.

అత్త ఆ సాయంత్రమే తేల్చేసింది. పిల్లకు గాలి పట్టింది. లేకపోతే మనుషులతో మాట్లాడని పిల్ల రాయితో ఎందుకు మాట్లాడుతుంది? చేతికి తాడు కట్టించింది. దాంతోనూ ఆగకుండా, గాలి వదిలితే అలిపిరి నుంచి కొండదాకా మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి నడిచి వస్తామని మొక్కుకుంది. అంతవరకు ఎవరైనా చేసేదే. కానీ మూడోరోజే ప్రయాణం కట్టింది.

మామ అన్నం ముందు కూర్చుని ఆమెను అడిగాడు. "గాలి వదిలినాక గదా నడిచేది?"

"ఎండలు ముదిరితే మెట్లు కాల్తాయి. ఇప్పుడైతే సల్లగా ఉంటాది."

"సామి అడగడా? ఇంకా నేనేం చెయ్యలేదే, అప్పుడే వస్తిరే అని?"

"అడిగితే నేను జెప్పుకుంటా. నువ్వు తిను."

మామ తిన్నాడు. ఆ ఇంట్లో దేవుడి వ్యవహారాలు అత్త చేతిలోనే ఉండేవి.

చిత్తూరులో మొదటి బస్సెక్కి ఎండ రాకముందే అలిపిరిలో దిగాం. మెట్లకు పసుపు కుంకుమ పెట్టేవాళ్ళను మీరు చూసే ఉంటారు. ఒకరు వంగి మెట్టుకు పసుపు పూస్తే వెనకనే ఇంకొకరు కుంకుమ బొట్టు పెడతారు. మళ్ళీ పై మెట్టు. మెట్లు మూడున్నర వేలు. పక్కనుంచి పిల్లల్ని భుజాన వేసుకున్నవాళ్ళు గోవిందా అంటూ మమ్మల్ని దాటిపోతున్నారు. పసుపు అత్తది, కుంకుమ నాది. తలయేరుగుండు దగ్గర మోకాళ్ళు ఆనిస్తే నొప్పులు రావంటారని అత్త రెండు మోకాళ్ళూ ఆ బండకు గట్టిగా ఆనించింది. ఇంకో వంద మెట్లకల్లా ఆమె నడుము పట్టేసింది. మోకాళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి. ఒక మెట్టు మీద కూర్చుండిపోయి పసుపు గిన్నె కూడా నా చేతికిచ్చి, "నువ్వే రెండూ పెట్టుకుంటా పో. నేను ఎనకాలే వస్తా" అంది.

నేను రెండూ పెడుతూ పోతున్నాను. ఆమె నా వెనక ఒక్కో మెట్టూ కూర్చుంటూ లేస్తూ వస్తోంది. నాకు కనిపించేది రాయి, నా పసుపు వేళ్ళు. ఆమెకు కనిపించేది నా వీపు. కొంతసేపటికి వెనకనుంచి అడిగింది.

"ఆ రోలుకు ఏం చెప్తా ఉంటివే?"

"ఏం లేదత్తా."

రెండు మెట్లు అయ్యాయి.

"నేను బాయికి చెప్తా ఉంటి" అంది.

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆపేస్తుందని ఎందుకో తెలిసింది. పసుపు పూశాను.

"పెండ్లయి వచ్చినప్పుడు నాకు పదహారు. మీ మామ పొద్దున మండీకి పోతే దీపాలు పెట్టినాకనే వచ్చేది. మా అత్త మంచిదే. తిట్టింది లేదు, కొట్టింది లేదు. మాట్లాడిందీ లేదు. నీళ్ళు చేదేటప్పుడు గిలక్కి, బాయికి చెప్తా ఉంటి. బాయి మళ్ళా చెప్తాది గదా, మనం అనిందే. అదే సాలు అనిపిస్తా ఉండె."

"నిన్ను ఎవురూ ఏమీ అడగలేదా?"

"ఏం అడుగుతారే? వచ్చినోళ్ళందురికీ మా అత్త చెప్తా ఉండె, కోడలంటే ఇట్లుండల్ల, ఇంట్లో ఉన్నట్టే తెలీదు అని. అంతగా మెచ్చుకుంటా ఉంటే ఇంగ యాడ నోరు తెరిచేది?"

కుంకుమ బొట్టు పెట్టబోయి ఆగాను. మెట్టు కనిపించలేదు, కళ్ళలో నీళ్ళు. అప్పుడు చెప్పాను. ఎన్నో మెట్టు దగ్గర మొదలుపెట్టానో తెలియదు గానీ గాలిగోపురం వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. వెనక బెంచీ సంగతి, పదకొండు మాటల సంగతి, గిరిజ ముఖం తిప్పుకునే సంగతి. అమ్మకు జాబు రాయాలని మూడుసార్లు కూర్చున్నాననీ, ఇంత బాగా చూసుకునే వాళ్ళ ఇంట్లో నాకు బాగలేదని రాయడానికి చెయ్యి రాలేదనీ చెప్పాను. అత్త అంతా విని, పసుపు చేతితోనే ముఖం తుడుచుకుని, ముఖమంతా పసుపు చేసుకుని, "పొగిడి పొగిడి నీ నోరు నేనే కుట్టేసినాను గదే" అంది. నా తల నిమరలేదు, దగ్గరికి తీసుకోలేదు. మా ఇళ్ళలో అవి అలవాటు లేదు. నా చేతిలోంచి కుంకుమ గిన్నె తీసుకుని, నడుము పట్టుకుని వంగి, తర్వాతి మెట్టుకు బొట్టు ఆమె పెట్టింది.

అత్త ఏదైనా తేల్చుకుంటే దాన్ని ఆలస్యం చేసే మనిషి కాదు. చిత్తూరుకు తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున్నే గోడ దగ్గర గిరిజ వాళ్ళమ్మను పిలిచింది. "మా సరోజను మంచిదనుకుంటి గదా. అబ్బబ్బ, ఏం చెప్పమంటావు! నోరా అది. నిన్న నాకే ఎదురు చెప్పింది. గాజు గ్లాసు పగలగొట్టి పిల్లి మీదికి నెట్టింది. మా ఇంట్లో పిల్లే లేదు" అని నా మీద ఒక అరగంట చాడీలు చెప్పింది. ఒక్కటీ నిజం కాదు. నేను పెరట్లో నిలబడి అంతా విన్నాను. నా జీవితంలో నన్ను ఎవరూ అంత శ్రద్ధగా వర్ణించలేదు. ఆ సాయంత్రం గిరిజ గోడ దూకి మా ఇంట్లోకి వచ్చింది. అంత చెడ్డపిల్లను కళ్ళారా చూడాలని వచ్చిందట. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "పిల్లి యాడ?" అంది. నేను నవ్వాను. మా స్నేహం నలభై ఏళ్ళు నడిచింది, ఆమె పోయేదాకా. ఆ గాజు గ్లాసు సంగతి అబద్ధమని మాత్రం ఆమెకు చివరిదాకా చెప్పలేదు.

మామ మాత్రం మండీలో అందరికీ ఇంకోలా చెప్పుకున్నాడు. మొక్కు ముందే ముట్టింది కాబట్టి సామికి వేరే దారి లేకపోయిందట. నేను ఎస్సెల్సీ పాసై, మరికొంత చదివి, చివరికి టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరుగా చేరాను. నోట్లో మాట లేదని పేరుపడిన పిల్ల ముప్పై ఏళ్ళు జిల్లా అంతటినీ మాట్లాడించింది. ఆ ఉద్యోగం సంగతి విని మా అత్త చాలాసేపు నవ్వింది. తర్వాత, "అదే మేలు. రోలు కంటే" అంది.

ఇదంతా చందన పక్కన ఆటోలో కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. ఆ ఆదివారం ఇంటికి తీసుకుపోయి ఎట్లుందమ్మా అని అడిగాను. ఏం లేదవ్వా అంది. తినమంటే తింది, పడుకోమంటే పడుకుంది. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని లెక్క వేసుకుంటే చాలానే మారింది. నేను ఇద్దరున్న ఇంట్లో ఒంటరిగా ఉన్నాను, ఈ పిల్ల మూడు వందల మంది ఉన్న మేడలో ఉంది. నాకు శనివారం పిండి రుబ్బే గంటైనా ఉండేది. వీళ్ళకు గంట గంటకూ ఏం చెయ్యాలో గోడ మీద రాసి ఉంది. మనసు బాగలేకపోతే ఎవరికి చెప్పాలో కూడా ఆ గోడ మీదే రాశారు. మంచి పెద్ద అక్షరాలతో రాశారు. ఆ బోర్డు ముందు నిలబడి చదివితే పక్కనున్నవాళ్ళకు తెలిసిపోతుంది కాబట్టి ఎవరూ నిలబడరని తర్వాత తెలిసింది. మాకు పేరు తెలియక గాలి అన్నాం. ఇప్పుడు దానికి పేర్లన్నీ తెలుసు. అడిగే తీరికే లేదు. నాకు తీరిక ఉంది, రోజంతా ఉంది, అయినా మూడు నెలలు నేనూ అడగలేదు.

నాలుగున్నరకు తిరిగి ఆటో ఎక్కాం. ఇంకో అరగంటలో సంతకం పెట్టి లోపలికి పంపితే మళ్ళీ నెల రోజులు. నాకు భయం వేసింది. ఆమె ముఖం చూడకుండా, ముందు డ్రైవర్ వీపు చూస్తూ చెప్పాను.

"చందనా, నేను మీ నాయనకు మూడుసార్లు తప్పు చెప్పినానే. నువ్వు బాగుండావని చెప్పినా. నిన్ను అడక్కుండానే."

ఆటో రెండు సిగ్నళ్ళు దాటింది.

"నాకు తెలుసు అవ్వా" అంది. "నాయన హాస్టల్ ఆఫీసు ఫోన్‌కు చేసినప్పుడు, అవ్వ చెప్పింది, బలే ఉండావంట గదా అని సంతోషంగా అంటాడు. నేను ఊ అంటా."

"ఎందుకంటావు?"

"అంత సంతోషంగా ఉంటే ఎట్లా చెప్పేది? నువ్వు కూడా చెప్పేస్తివి గదా."

తప్పయిందే అన్నాను. ఆ మాట మా అత్తకు కూడా నోట్లోంచి రాలేదు, నాకు ఎట్లా వచ్చిందో. పిల్ల రోడ్డు వైపు తిరిగి మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. "ఎవురూ తిట్టరు అవ్వా. ఎవురూ ఏమీ అనరు. అదే. ప్లేటు తీసుకుని చేతులు కడిగే కాడ నిలబడి తింటా. ఒగో దినం సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా ఉంటాది. లేవకుండా అట్లే పడుకుని ఉంటే ఎన్ని దినాలకు సూస్తారో అనిపిస్తాది." ఆ చివరి మాట విన్నాక సంచిలోంచి ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నాను. ఆటో గేటు ముందు ఆగింది. ఐదుకు మూడు నిమిషాలు ఉంది.

గేటు దగ్గర నిలబడే శీనుకు ఫోన్ చేశాను. తోటలో ఉన్నాడు, చుట్టూ గాలి చప్పుడు. "ఏం అత్తా, పాపను వదిలేస్తివా? బాగుండాదా?" అన్నాడు, ఎప్పటిలాగే, జవాబు తెలిసినవాడిలాగా.

"లేదప్పా. పాప బాగలేదు. ఇన్నాళ్ళూ నేను చెప్పింది తప్పు. పని ఆపి ఒక పక్కకు పోయి నిలబడుకో. దానికిస్తా ఉండా ఫోను."

చందన ఫోన్ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అటునుంచి వాడి గొంతు నాకు కూడా వినిపిస్తోంది. "పాపా? హలో? ఏందిరా? సిగ్నల్ లేదా ఆడ? హలో?" అని అరుస్తున్నాడు. పెట్టేస్తాడేమోనని చందన భుజం తట్టాను.

"ఉండాది నాయనా" అంది. "సిగ్నల్ ఉండాది. నేనే ఇన్ని దినాలూ మాట్లాడలేదు."

అటువైపు అరుపు ఆగిపోయింది. వార్డెనమ్మ రిజిస్టర్ పట్టుకుని గేటు దాకా వచ్చి, గడియారం చూపించి, "ఐదు దాటింది మేడం, పాపను లోపలికి పంపండి" అంది.

"ఉండమ్మా" అన్నాను, ఇద్దరి మధ్యా అడ్డంగా నిలబడి. "ఇప్పుడే మొదలుపెట్టింది."